మే నెల ఎండలో పదకొండు మందిమి, అమెరికా ఎడారిలో ఆర్‌వీ ప్రయాణం: అమ్మను తీసుకెళ్ళొచ్చా?

కొర్లగుంట వాసి, తిరుపతి

అందరికీ నమస్కారం. మా పెద్దోడు అయిదేళ్ళుగా అరిజోనాలో, ఫీనిక్స్‌లో ఉన్నాడు. ఈసారి సెలవుల్లో ఇంటిల్లిపాదీ రావాల్సిందేనని పట్టుబట్టాడు. వీసాలు వచ్చేశాయి. జూన్ 12న స్కూళ్ళు తెరుస్తారు కాబట్టి మే 20న చెన్నైలో విమానం ఎక్కి, జూన్ 10 లోపు ఇల్లు చేరాలని అనుకున్నాం.

అక్కడ ఒక పెద్ద ఆర్‌వీ, అంటే ఇల్లు లాంటి బండి, అద్దెకు తీసుకుని ఎనిమిది రోజులు ఎడారంతా చూపిస్తానంటున్నాడు. ఫీనిక్స్ నుంచి లాస్ వెగస్, డెత్ వ్యాలీ, జయాన్, గ్రాండ్ క్యాన్యన్, మళ్ళీ ఫీనిక్స్. వంటా పడకా అన్నీ బండిలోనే. మేం మొత్తం పదకొండు మందిమి. అమ్మ, నేను, మా ఆవిడ, మా అమ్మాయి, తమ్ముడు, మరదలు, వాళ్ళ ఇద్దరు పిలకాయలు, అక్కడ కొడుకు, కోడలు, మూడేళ్ళ మనవరాలు.

నా టెన్షన్ అంతా అమ్మ గురించే. 74 ఏళ్ళు. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్, పొద్దున్నే బీపీ మాత్ర. ఆమె మాత్రం "మీ నాయనతో కాశీకి బస్సులో పోయొచ్చినదాన్ని, నన్ను వదిలేసి పోతారా" అంటోంది. తమ్ముడేమో తిరుపతిలో 42 డిగ్రీలు చూసినవాళ్ళకు ఆ ఎండ ఒక లెక్కా అంటాడు. నాకు ధైర్యం చాలడం లేదు. అంతమందిమి ఒకే బండిలో పడతామా? అమ్మ తట్టుకుంటుందా? వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. టికెట్లు కొన్నాం గానీ ఆర్‌వీకి ఇంకా డబ్బు కట్టలేదు.


గ్రీమ్స్‌పేట అబ్బాయి, ప్రస్తుతం ఫీనిక్స్

అన్నా, మాది చిత్తూరే. ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. మీ అబ్బాయికి ఈ జవాబు చూపించండి.

ముందు బండి సంగతి. ఆర్‌వీ ప్రకటనలో "ఎనిమిది మందికి పడక" అని ఉంటుంది. పడకలు వేరు, సీటు బెల్టులు వేరు. బండి కదులుతున్నప్పుడు ఎన్ని బెల్టులుంటే అంతమందే కూర్చోవాలి. మనవరాలికి పిల్లల సీటు బిగించే చోటు కూడా ఉండాలి, అది అన్ని ఆర్‌వీల్లో ఉండదు. పదకొండు మందికి ఒకే ఆర్‌వీ కుదరదు. ఏడు బెల్టులున్న ఆర్‌వీ ఒకటి, వెనకాల ఏడు సీట్ల వ్యాన్ ఒకటి తీసుకోండి. ఖర్చు ఎక్కువే. కానీ పాలకో మందులకో వెళ్ళాలన్నా, ఆర్‌వీ పట్టని చోటికి పోవాలన్నా ఆ వ్యానే దిక్కు.

డెత్ వ్యాలీని మీ జాబితా నుంచి తీసేయండి. అక్కడి ఫర్నెస్ క్రీక్‌లో 1913 జూలై 10న నమోదైన 56.7 డిగ్రీలే ఇప్పటికీ ప్రపంచ రికార్డు. బ్యాడ్‌వాటర్ అనే చోటు సముద్రమట్టానికి 86 మీటర్లు కింద ఉంటుంది. చుట్టూ కొండలు, మధ్యలో ఆ గుంత. వేడిగాలి పైకి లేచి, చల్లారి, మళ్ళీ అందులోకే దిగి ఇంకా వేడెక్కుతుంది. ఎండాకాలంలో అద్దె ఆర్‌వీలను అక్కడికి తీసుకెళ్ళొద్దని చాలా కంపెనీలు ఒప్పందంలోనే రాస్తాయి. వాళ్ళ మాట కాదని వెళ్ళి బండి ఆగిపోతే లాక్కొచ్చే ఖర్చంతా మీదే. అక్కడి కొండదారులు ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడెక్కకుండా ఏసీ ఆపమని రోడ్డు పక్కన బోర్డులే ఉంటాయి. అమ్మ బండిలో ఉండగా ఏసీ ఎలా ఆపుతారు?

జయాన్ పార్కు తూర్పు దారిలో 1930 నాటి సొరంగం ఉంది, మైలుకు పైగా పొడవు. ఆ రోజుల బళ్ళకు తవ్వింది కావడంతో పెద్ద ఆర్‌వీ వస్తే ఎదురు ట్రాఫిక్ ఆపాల్సి వచ్చేది. 2026 జూన్ 7 నుంచి పెద్ద బళ్ళను ఆ దారిలో వద్దని నిర్ణయించారు. చుట్టు తిరిగి రావాలి, అది మీకు ఒక పూట.

ఇంకొకటి మీవాడు గమనించాడో లేదో. 2026 జనవరి నుంచి గ్రాండ్ క్యాన్యన్, జయాన్ లాంటి పదకొండు జాతీయ పార్కుల్లో అమెరికా నివాసులు కానివాళ్ళకు, 16 ఏళ్ళు నిండినవారికి, తలకు 100 డాలర్లు అదనం. లేదంటే 250 డాలర్ల ఏడాది పాస్. అక్కడి నుంచి వచ్చేవాళ్ళు ఎనిమిది మంది కదా, ముందే లెక్క వేసుకోండి.

మే చివరి సోమవారం ఇక్కడ మెమోరియల్ డే అనే సెలవు. ఆ శని, ఆది, సోమవారాలు ఎక్కడ చూసినా జనం. ఆ మూడు రోజులు ఫీనిక్స్‌లో ఇంట్లోనే ఉండి, మంగళవారం బయల్దేరండి. విమానం బడలిక కూడా తీరుతుంది.


బైరాగిపట్టెడ టీచరమ్మ, తిరుపతి

తమ్ముడూ, నేను రిటైరైన టీచర్ని. రెండేళ్ళ కిందట జూన్ చివర్లో మేం తొమ్మిది మందిమి ఇలాగే వెళ్ళాం. మా మామగారికి అప్పుడు 81. అమ్మను తీసుకెళ్ళు. కానీ ఎక్కడ పడుకుంటారో ముందు తేల్చుకో, ఏం చూస్తారన్నది తర్వాత. మేం ఆ పని తలకిందులుగా చేశాం.

మొదటి రెండు రోజులు బాగానే గడిచాయి. మూడోరోజు లాస్ వెగస్ దాటి, పెద్ద చెరువు ఒడ్డున ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో, అంటే ఆర్‌వీలు నిలుపుకుని రాత్రి ఉండే చోట, దిగాం. చవగ్గా ఉంది, నీళ్ళు కనిపిస్తున్నాయి అని మా అబ్బాయి ముచ్చటపడి తీసుకున్నాడు. అక్కడ కరెంటు ప్లగ్ లేదు. బండికి జనరేటర్ ఉంది కదా, ఏసీ దాని మీద నడుస్తుందిలే అనుకున్నాం. నడిచింది, రాత్రి పది దాకా. పదికి పక్క బండాయన వచ్చి, ఇక పొద్దుటిదాకా జనరేటర్ వేయకూడదు, అది ఇక్కడి నియమం అని మర్యాదగానే చెప్పాడు. గేటు దగ్గర ఇచ్చిన కాగితంలో అదే రాసి ఉంది. మేం చదవలేదు.

ఏసీ ఆపిన అరగంటకు లోపల 36 డిగ్రీలు. పగలంతా కాగిన రేకు, తొమ్మిది మంది ఊపిరి. కిటికీలు తీస్తే బయటి నుంచి పొయ్యి దగ్గరి గాలి. మామగారు లేచి కూర్చుని "అమ్మా, నాలుక అంటుకుపోతోంది" అన్నారు. చెయ్యి పట్టుకుని చూస్తే ఒళ్ళు పొడిగా, వేడిగా ఉంది. చెమట చుక్క లేదు. నాకు గుండె జారిపోయింది. తుండుగుడ్డలు తడిపి మెడ మీద, చంకల్లో పెట్టి, ఓఆర్‌ఎస్ కలిపి చెంచాతో పట్టించాం. మా అబ్బాయి ఇక ఆలోచించలేదు. ఆయన్ను వెనకాల కారులో కూర్చోబెట్టి, ఏసీ పెట్టి, నేరుగా ఊళ్ళోకి ఆసుపత్రికి తీసుకుపోయాడు. సెలైన్ ఎక్కించి పొద్దున్నే పంపారు. ఆ కారు లేకపోతే ఆ రాత్రి ఏమయ్యేదో నేను తలచుకోను.

అందుకే మీ తమ్ముడి మాట నేను ఒప్పుకోను. మనకు 42 డిగ్రీలంటే చొక్కా తడిసిపోతుంది, మొహం తుడుచుకుంటాం, నీళ్ళు తాగాలనిపిస్తుంది. అక్కడి గాలి ఎంత పొడి అంటే చెమట పట్టేలోపే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్ళు పోతున్నాయని తెలీదు. చేతి మీద తెల్లగా ఉప్పు పేరుకున్నాక తెలుస్తుంది. దాహం వేసేదాకా ఆగకుండా గంటకొకసారి గ్లాసు చేతికివ్వాలి. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్ల నీళ్ళు బండిలో ఉండాలని అక్కడివాళ్ళు చెబుతారు. అమ్మ బీపీ మాత్ర నీరు తీసేసే రకమా కాదా, బయల్దేరేముందు మీ డాక్టర్ని అడుగు. పెద్దవాళ్ళు దారిలో బాత్రూమ్‌కు వెళ్ళాలని నీళ్ళు మానేస్తారు. బండిలోనే బాత్రూమ్ ఉంది, మానొద్దని అమ్మకు ముందే చెప్పు.

ఇన్సులిన్ గురించి. ఆర్‌వీ ఫ్రిజ్ మన ఇంటి ఫ్రిజ్ లాంటిది కాదు. చాలా బళ్ళల్లో గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ ఉంటుంది. బయట ఎండ మండుతుంటే అది చల్లబరచలేదు, బండి ఏటవాలుగా నిలిపినా సరిగా పనిచేయదు. మాకు రెండో రోజుకే పెరుగు పులిసిపోయింది, అప్పుడు గమనించాం. ఒక మంచి ఐస్‌పెట్టె కొని, రోజూ ఐస్ నింపుకుని, మందును డబ్బాలో పెట్టి, ఐస్ నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ వేశాం. లోపల చిన్న థర్మామీటర్ పెట్టండి.

ఆ రాత్రి తర్వాత మిగిలిన బుకింగులన్నీ రద్దు చేసుకుని, కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం మూడూ ఉన్న చోట్లే తీసుకున్నాం. దాన్ని అక్కడ ఫుల్ హుక్‌అప్ అంటారు. నిద్ర లేవడం నాలుగున్నరకు, బండి కదలడం అయిదున్నరకు. పన్నెండులోపు తర్వాతి చోటికి చేరి ప్లగ్ పెట్టేసేవాళ్ళం. సాయంత్రం ఆరు దాకా బయట అడుగు పెట్టలేదు. పిల్లలు పేకాట, పెద్దవాళ్ళు నిద్ర. చూడాల్సినవి పొద్దున్నే చూడాలి, లేదా పొద్దుగూకాక చూడాలి.

ప్లగ్ ఉన్నా ఒక చిక్కుంది. మామూలుగా ఇచ్చేది 30 ఆంప్స్ లైను, 120 వోల్టులు. అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ పొయ్యి, మైక్రోవేవ్ కలిపి వేస్తే ఠక్కున కరెంటు పోతుంది. మూడుసార్లు పోయాక మాకు లెక్క తెలిసింది. 50 ఆంప్స్ బండి దొరికితే అదే తీసుకోండి. ఇక్కడి నుంచి కుక్కర్, మిక్సీ మోసుకుపోవద్దు, మన 230 వోల్టులవి అక్కడ పనిచేయవు. అక్కడే ఒక రైస్ కుక్కర్ కొని, బండి బయట బల్ల మీద పెట్టి వండండి. లోపల పొయ్యి వెలిగిస్తే ఏసీ చేసిన చల్లదనమంతా పోతుంది. మేం తెల్లవారుజామునే అన్నం వండి, సగం పులిహోర, సగం పెరుగన్నం కలిపేసేవాళ్ళం. మధ్యాహ్నం పొయ్యి ముట్టలేదు.

బాత్రూమ్ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నా. కింద రెండు ట్యాంకులుంటాయి, స్నానం నీళ్ళకొకటి, మరుగుదొడ్డికొకటి. మనవాళ్ళు చెంబుతో నీళ్ళు వాడతారు. తొమ్మిది మందికి రెండో రోజుకే నిండిపోయింది. ఖాళీ చేయడానికి గొట్టం బిగించి, ముందు మరుగుదొడ్డి ట్యాంకు వదిలి, తర్వాత స్నానం నీళ్ళు వదిలితే గొట్టం దానంతటదే కడుక్కుపోతుంది. చేతికి గ్లవ్స్ వేసుకోవాలి. మా అల్లుడు విసుక్కోకుండా రోజూ ఆ పని చేశాడు. ఇంట్లో ఎవరు చేస్తారో బయల్దేరకముందే మాట్లాడుకోండి.

పసిపాపను చెప్పుల్లేకుండా దించొద్దు. బండి మెట్టు ఇనుపది. మా మనవడు ఒక్క అడుగు వేశాడు, అరికాలు బొబ్బలెక్కింది.

ఇక సంతోషం కలిగించే మాట. ఫీనిక్స్ సముద్రమట్టానికి 1,100 అడుగుల ఎత్తు. ఉత్తరంగా 145 మైళ్ళు పోతే ఫ్లాగ్‌స్టాఫ్, దాదాపు 7,000 అడుగులు. మదనపల్లె ఎండ తప్పించుకోవడానికి హార్సిలీ కొండ ఎక్కుతాం చూడు, అలాంటిదే, ఇంకా చాలా ఎత్తు. అక్కడి నుంచి 80 మైళ్ళలో గ్రాండ్ క్యాన్యన్ దక్షిణపు అంచు. మామగారు ఆసుపత్రి నుంచి వచ్చిన మూడోరోజు తెల్లవారుజామున అక్కడ బెంచీ మీద కూర్చున్నారు. ఎనిమిది డిగ్రీల చలి. శాలువా సరిపోక నా స్వెట్టర్ కూడా కప్పాను. ఎదుట చీకటిలో ఏమీ కనిపించలేదు. ఎండ పడేకొద్దీ ఒక్కొక్క రాతి పొర పైనుంచి కిందికి ఎర్రబారుతూ వచ్చింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ కింద పారేది నదేనా? ఇదంతా అదే కోసిందా?" అని అడిగారు. అవునన్నాను. ఇంకో గంట కదల్లేదు.

అక్కడ అంచు వెంబడి ఉచిత బస్సులు తిరుగుతాయి, అమ్మకు నడక అక్కర్లేదు. కిందికి దిగే దారుల్లోకి మాత్రం పిల్లల్ని పంపొద్దు. దిగేకొద్దీ ఎండ పెరుగుతుంది, మళ్ళీ ఎక్కాల్సింది ఆ ఎండలోనే. ఎత్తు వల్ల మొదటిరోజు కొంచెం ఆయాసం రావచ్చు, ఆరోజు ఊరికే కూర్చోనివ్వు.


ఘాట్ రోడ్డు డ్రైవర్, తిరుపతి

సార్, నేను అమెరికా చూడలేదు. ఇరవై రెండేళ్ళుగా టెంపో ట్రావెలర్ నడుపుతున్నా, తిరుమల కొండ రోజూ ఎక్కి దిగుతా. ఎండలో బండి ఎక్కడైనా ఒకటే కాబట్టి రెండు మాటలు.

ఎండాకాలం టైరు పేలేది రెండింటివల్ల, గాలి తక్కువ, బరువు ఎక్కువ. పొద్దున్నే బండి కదిలే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. మధ్యాహ్నం వేడి మీద చూస్తే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేశారంటే ప్రమాదం. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. అద్దె బండి తీసుకునేటప్పుడు ఆరు టైర్లకూ అది చూసి, ఫోటో తీసుకోండి. అరిగినట్టు కనిపించకపోయినా పాతబడిన రబ్బరు ఎండకు ఆగదు.

దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోవద్దు. మొదటి ఘాట్ రోడ్డులో మేమంతా కింది గేరులో దిగుతాం, ఇంజినే బండిని పట్టుకుంటుంది. అక్కడివి ఆటోమేటిక్ అయినా కింది గేరు పెట్టుకునే వీలుంటుంది. మీ అబ్బాయి ఖాళీ బండితో ఒక పూట నడిపి అలవాటు చేసుకుని, తర్వాతే అందర్నీ ఎక్కించుకోవాలి.


గ్రీమ్స్‌పేట అబ్బాయి, ప్రస్తుతం ఫీనిక్స్

డ్రైవరన్న చెప్పింది నిజం. ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి ఫీనిక్స్‌కు దిగే ఐ-17 హైవేలో పొడవాటి వాలు దారులున్నాయి, తిరుగు ప్రయాణంలో ఆ మాట గుర్తుంచుకోండి.

టీచరమ్మగారు చెప్పిన ఫుల్ హుక్‌అప్ గ్రాండ్ క్యాన్యన్ పార్కు లోపల ట్రైలర్ విలేజ్ అనే క్యాంప్‌గ్రౌండ్ ఒక్కచోటే ఉంది, వెంటనే బుక్ చేయించండి. దొరక్కపోతే పార్కు బయట చూడండి. ఇంట్లోవాళ్ళు ఎంత బతిమాలినా పచ్చి మామిడికాయలు, పండ్లు మాత్రం సామానులో పెట్టుకు రావొద్దు. కస్టమ్స్‌లో తీసేసుకుంటారు, చెప్పకుండా తెస్తే జరిమానా. రాగిపిండి ఇక్కడి ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది.


కొర్లగుంట వాసి, తిరుపతి

అక్కా, మీ మామగారి సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే తమ్ముడికి చదివి వినిపించాను. ఆ తర్వాత వాడు 42 డిగ్రీల మాట ఎత్తలేదు. అబ్బాయితో గంటసేపు ఫోన్లో మాట్లాడాం.

డెత్ వ్యాలీ, లాస్ వెగస్, జయాన్ మూడూ తీసేశాం. మంగళవారం ఫీనిక్స్‌లో తెల్లారకముందే బయల్దేరి ఫ్లాగ్‌స్టాఫ్‌లో రెండు రాత్రులు, గ్రాండ్ క్యాన్యన్‌లో రెండు రాత్రులు, పేజ్ అనే ఊళ్ళో ఒక రాత్రి, వెనక్కి. ఎనిమిది రోజులు కాస్తా ఆరయ్యాయి. ఆర్‌వీకి తోడు వ్యాన్ కూడా తీసుకుంటున్నాం, బండ్లు నడిచేటప్పుడు అమ్మ వ్యాన్ ముందు సీటులో కూర్చుంటుంది. ట్యాంకు ఖాళీ చేసే పని నాది, ముందే ఒప్పుకున్నాను. డ్రైవరన్నా, టైర్ల ఫోటోలు అబ్బాయి పంపగానే మీకు చూపిస్తాను.

ఒక్క సందేహం మిగిలింది. పేజ్‌లో పొద్దున టూర్ బుక్ చేద్దామంటే టైము రెండు రకాలుగా చూపిస్తోందట, ఎందుకు?


గ్రీమ్స్‌పేట అబ్బాయి, ప్రస్తుతం ఫీనిక్స్

అన్నా, ఎండాకాలంలో అమెరికాలో దాదాపు అన్నిచోట్లా గడియారం గంట ముందుకు జరుపుతారు. అరిజోనా జరపదు. కానీ పక్కనే ఉన్న నవాజో అనే స్థానిక తెగవాళ్ళ ప్రాంతం జరుపుతుంది. పేజ్ ఆ సరిహద్దు మీద ఉంది కాబట్టి ఫోన్ ఒక్కోసారి అటు టవర్ అందుకుని గంట ముందుకు దూకుతుంది. బుక్ చేసేటప్పుడు "ఇది అరిజోనా టైమేనా" అని అడిగి రాసుకోండి. చేతి గడియారం ఒకటి ఫీనిక్స్ టైముకే ఉంచండి.


కొర్లగుంట వాసి, తిరుపతి

అర్థమైంది తమ్ముడూ. నాయన గడియారం అమ్మ దగ్గరే ఉంది, అదే పెట్టుకుంటాను.

ఎనిమిది డిగ్రీల చలి అని చెప్పగానే అమ్మ బీరువా అడుగునుంచి బదరీనాథ్ పోయినప్పుడు కొన్న స్వెట్టర్ తీసింది. ఉతికి మిద్దె మీద ఆరేసింది.